పేజ్‌మేకర్ 7 ఎందుకు చావలేదు? మన డీటీపీ సెంటర్ల వెనక ఉన్న పెద్ద కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక సొంత గొడవతో మొదలవుతుంది. కాస్త ఓపిక పట్టండి, అక్కడి నుంచే అసలు చరిత్రలోకి వెళ్తాం.

మొన్న సంక్రాంతికి మా ఊరు పెదకూరపాడు వెళ్లాను. మాది పల్నాడు జిల్లా. గుంటూరు నుంచి నడికుడి వైపు వెళ్లే రైలు ఎక్కినవాళ్లకి మా స్టేషన్ బోర్డు గుర్తుండొచ్చు. అక్కడ మా బాబాయ్ 2003లో ఒక డీటీపీ సెంటర్ పెట్టాడు. పెళ్లి కార్డులు, తిరునాళ్ల కరపత్రాలు, పురుగుమందుల షాపుల బిల్లు బుక్కులు, మిరపకాయల టిక్కీల మీద అతికించే లేబుళ్లు... మండలంలో తెలుగు అక్షరం కాగితం మీదికి రావాలంటే చాలామంది ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఇప్పుడు షాపులో జిరాక్సు, ఆధార్ కార్డు ప్రింట్లు, మీసేవ అప్లికేషన్లు తప్ప పెద్దగా పని లేదు. అది వేరే సంగతి.

పండగ రోజు టిఫిన్ అయ్యాక బాబాయ్ ఒక సీడీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఒరేయ్, నువ్వు సాఫ్ట్‌వేరు గదా, ఈ ఫైలు కాస్త తెరిచిపెట్టరా" అన్నాడు.

అందులో ఒక పుస్తకం ఉంది. మా ఊళ్లో తెలుగు మాస్టారు ఒకాయన రిటైరయ్యాక ఇల్లిల్లూ తిరిగి, ముసలివాళ్లని అడిగి, ఊరి సంగతులన్నీ రాశారు. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ పొలాన్ని ఏ పేరుతో పిలిచేవాళ్లు, ఏ బజారుకి ఆ పేరు ఎలా వచ్చింది. 2006లో బాబాయే టైపు చేసి, పేజీలు కట్టి, గుంటూరులో అచ్చేయించాడు. మాస్టారు పోయిన ఏడాది కాలం చేశారు. సంవత్సరీకం రోజుకి ఆ పుస్తకం మళ్లీ వేయించి బంధువులకి పంచాలని వాళ్లబ్బాయి అనుకున్నారు. వాళ్లింట్లో మిగిలిన ఒక్క కాపీకి చెదలు పట్టి ఇరవై పేజీల పైనే పోయాయి. బాబాయ్ పాత కంప్యూటర్ మదర్‌బోర్డు ఎప్పుడో కాలిపోయింది. మిగిలింది ఈ సీడీ ఒక్కటే. పీడీఎఫ్ చేసి పెట్టుకోలేదా బాబాయ్ అంటే, "అప్పుడు పీడీఎఫ్ ఎవడికి కావాలిరా, ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి ఇచ్చేవాళ్లం" అన్నాడు. తప్పు తనదే అని ఒప్పుకున్నాడు కూడా.

సీడీ బాగానే చదివింది. ఫైలు కూడా చెక్కుచెదరలేదు. పేజ్‌మేకర్ 7 ఫైలు. నా ల్యాప్‌టాప్‌లో ఏం చేసినా తెరుచుకోలేదు.

నేను బీటెక్ చేసి, నాలుగేళ్లు కోడు రాసి, ఇప్పుడు ఇలా వీడియోలు చేసుకుంటున్నవాణ్ణి. నా చేతిలో ఉన్న ఫైలు పాడవలేదు, తాళం వేసి ఉందంతే. ఆ తాళం ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు అని వెతుక్కుంటూ పోతే, 40 ఏళ్ల వ్యాపార చరిత్ర బయటపడింది. అదే ఇవాళ చెప్పబోయేది.

సరే, మొదటికి వెళ్దాం. 1982 డిసెంబరులో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అనే ఇద్దరు కలిసి అమెరికాలో అడోబ్ కంపెనీ పెట్టారు. వాళ్ల మొదటి సరుకు ఫొటోషాప్ కాదు, పోస్ట్‌స్క్రిప్ట్. పేజీ మీద ఏ గీత ఎక్కడుండాలి, ఏ అక్షరం ఎంత సైజులో ఉండాలి అని కంప్యూటర్ ప్రింటర్‌కి చెప్పే భాష అది. 1985లో యాపిల్ కంపెనీ లేజర్‌రైటర్ ప్రింటర్ దాంతోనే వచ్చింది. అదే ఏడాది సియాటిల్‌లోని ఆల్డస్ అనే కంపెనీ పేజ్‌మేకర్ తెచ్చింది. ఆల్డస్ పెట్టిన పాల్ బ్రెయినెర్డ్ ఈ పనికి పెట్టిన పేరే డెస్క్‌టాప్ పబ్లిషింగ్. అంటే మన ఊళ్లలో బోర్డుల మీద ఉండే 'డీటీపీ' అన్నమాట. పల్నాడు పల్లెటూళ్ల బోర్డుల మీదికి సియాటిల్ నుంచి వచ్చిన మాట అది. మా బాబాయ్‌కి కూడా మొన్నటిదాకా తెలీదు.

చూడండి, ఇక్కడ ఒక విషయం గమనించాలి. పేజ్‌మేకర్ అడోబ్‌ది కాదు. 1980ల చివరికొచ్చేసరికి ఈ రంగంలో గట్టి పోటీ ఉంది. బొమ్మలు గీయడానికి అడోబ్ 1987లో ఇలస్ట్రేటర్ తెస్తే, మరుసటి ఏడాదే ఆల్డస్ ఫ్రీహ్యాండ్ అమ్మడం మొదలెట్టింది. దాన్ని తయారుచేసింది ఆల్ట్‌సిస్ అనే ఇంకో కంపెనీ. పేజీలు కట్టడానికి క్వార్క్‌ఎక్స్‌ప్రెస్ 1987లో వచ్చింది, పెద్ద పత్రికలన్నీ అటే పోయాయి. కెనడాలోని కోరెల్ కంపెనీ 1989లో కోరెల్‌డ్రా తెచ్చింది. ఫొటోషాప్ 1990లో వచ్చింది. ఒక్కో పనికీ ఇద్దరు ముగ్గురు అమ్మేవాళ్లు ఉండేవాళ్లు. ఒకడు కొత్త ఫీచర్ పెడితే ఆరు నెలల్లో రెండోవాడు పెట్టేవాడు. వాడేవాళ్లకి పండగ.

1994లో అడోబ్, ఆల్డస్ కలిసిపోయాయి. ఇలస్ట్రేటర్, ఫ్రీహ్యాండ్ రెండూ ఒకే చేతిలోకి వస్తున్నాయి కదా, అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుపడింది. ఫ్రీహ్యాండ్‌ని ఆల్ట్‌సిస్‌కి తిరిగి ఇచ్చెయ్యమంది. ఇంకా, పదేళ్లపాటు తమ అనుమతి లేకుండా ప్రొఫెషనల్ ఇలస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ ఏదీ కొనకూడదని ఆర్డరు వేసింది. బాగుంది కదా? ఆల్ట్‌సిస్‌ని 1995లో మాక్రోమీడియా కొనుక్కుంది. ఫ్రీహ్యాండ్ పదేళ్లు హాయిగా పోటీ ఇచ్చింది. ఆ పదేళ్ల గడువు అయిపోయాక, 2005 ఏప్రిల్‌లో అడోబ్ ఏకంగా మాక్రోమీడియానే కొంటున్నట్టు ప్రకటించింది. సుమారు 340 కోట్ల డాలర్లు. 2007లో, ఫ్రీహ్యాండ్ ఇక ముందుకు పోదు, ఇలస్ట్రేటర్‌కి మారండి అని చెప్పేసింది. ఫ్రీహ్యాండ్ వాడే డిజైనర్లు కొందరు సంఘం కట్టి 2011లో కాలిఫోర్నియాలో కోర్టుకి వెళ్లారు, మరుసటి ఏడాది రాజీతో కేసు ముగిసింది. ఫ్రీహ్యాండ్ మాత్రం తిరిగి రాలేదు.

మరి పేజ్‌మేకర్ సంగతి? అది 1994లోనే అడోబ్ చేతికొచ్చింది. కానీ అప్పటికే క్వార్క్ ముందు అది వెనకబడింది. క్వార్క్‌కి ఎంత ధీమా అంటే, 1998లో అడోబ్‌నే కొంటామని ఆఫర్ ఇచ్చింది! అడోబ్ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది, 1999లో, ఇన్‌డిజైన్ తెచ్చింది. కొన్నేళ్లలో ఫొటోషాప్, ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్ కలిపి ఒకే డబ్బాలో క్రియేటివ్ సూట్ అని అమ్మేసరికి క్వార్క్ కుదేలైపోయింది. ఆఫీసులో ఫొటోషాప్ ఎలాగూ కొనాలి, దాంతో ఇన్‌డిజైన్ వస్తుంటే ఇక క్వార్క్ విడిగా ఎందుకు కొంటారు? ఇన్‌డిజైన్ వచ్చాక అడోబ్‌కి పేజ్‌మేకర్ అవసరం తీరిపోయింది. 2001లో 7.0 తెచ్చింది, అదే ఆఖరు. ప్రపంచంలో చాలాచోట్ల పేజ్‌మేకర్ కథ అక్కడ అయిపోయింది.

మన దగ్గర మాత్రం అక్కడే మొదలైంది.

ఎందుకో చెప్తా. దీనికి సగం కారణం తెలుగు లిపి, సగం కారణం దొంగ సీడీ.

ముందు లిపి. పాత రోజుల్లో ప్రెస్సులో తెలుగు కంపోజింగ్ అంటే నరకం. సీసం అచ్చులు చేత్తో ఏరి పేర్చాలి. ఇంగ్లీషుకి ఒక పెట్టె సరిపోతే తెలుగుకి గుణింతాలు, ఒత్తులు కలిపి వందల అచ్చులు. ఆ లెక్కన చూస్తే డీటీపీ మనకి వరమే. కానీ కంప్యూటర్‌కి అప్పట్లో తెలిసింది 256 గళ్లు మాత్రమే, అవీ ఇంగ్లీషు కోసం కట్టినవి. మనవాళ్లు ఏం చేశారంటే, ఆ గళ్లలో ఇంగ్లీషు అక్షరాల బొమ్మలు తీసేసి తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు. 'కి' ఒక గడి, తలకట్టు ఒక గడి, దీర్ఘం ఒక గడి, ఒక్కో ఒత్తు ఒక్కో గడి. హైదరాబాద్ నుంచి వచ్చిన అను ఫాంట్లు, అను స్క్రిప్ట్ మేనేజర్ ఇలాంటివే. పూణేలోని మాడ్యులర్ కంపెనీ శ్రీలిపి కూడా అదే దారి. కంప్యూటర్ దృష్టిలో మనం తెలుగు రాయట్లేదు. ఏవో ఇంగ్లీషు గుర్తులు టైపు చేస్తున్నాం, అవి చూడటానికి తెలుగులా ఉంటాయంతే. ఆ ఫాంటు లేని మెషీన్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడట్లేదు, తప్పుగా అనుకోకండి. ఆ రోజుల్లో చేతిలో ఉన్న సరుకుతో అంతకంటే తెలివైన పని ఇంకోటి లేదు. అడోబ్‌కి గానీ ఆల్డస్‌కి గానీ తెలుగు గుణింతం తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరమూ వాళ్లకి కనపడలేదు. మనవాళ్లే దారి వేసుకున్నారు. పెళ్లి కార్డుకో రకం, సినిమా పోస్టర్‌కో రకం, వార్తకో రకం అని లెక్కలేనన్ని అక్షర రూపాలు గీసి ఇచ్చారు. ఇవాళ మనం చూసే తెలుగు అచ్చు అందంలో వాళ్ల వాటా చాలా పెద్దది.

యూనికోడ్ అనే పద్ధతి 1991లోనే వచ్చింది. మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటు ఉంది. అందులో 'క' అంటే ఏ కంప్యూటర్‌లోనైనా 'క'నే. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరికేవి. కానీ పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. 7.0కీ రాదు. అంటే 2001లో ఒకే ఏడాది రెండు జరిగాయి: విండోస్‌కి తెలుగు వచ్చింది, తెలుగు అచ్చు పని మొత్తం నడిచే సాఫ్ట్‌వేర్ ఎదగడం ఆగిపోయింది. అడోబ్ ఇన్‌డిజైన్‌లో తెలుగుతో కలిపి భారతీయ లిపులకి సరైన సదుపాయం ఇచ్చింది 2012లో, సీఎస్6తో. యూనికోడ్‌లో తెలుగు చేరిన 21 ఏళ్లకి! ఈ 21 ఏళ్లలో మన డీటీపీ ఆపరేటర్లందరి చేతివేళ్లు అను కీబోర్డుకి అలవాటు పడిపోయాయి. "డీటీపీ ఆపరేటర్ కావలెను, పేజ్‌మేకర్, ఫొటోషాప్, అను తెలిసి ఉండవలెను" అన్న ప్రకటనలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఉద్యోగం అంటేనే ఆ మూడు పేర్లు.

ఇప్పుడు దొంగ సీడీ దగ్గరికొద్దాం. కొంచెం ఇబ్బందికరమైన టాపికే, కానీ ఇది చెప్పకుండా మన దగ్గర డిజైన్ సాఫ్ట్‌వేర్ చరిత్ర చెప్తే అబద్ధం అవుతుంది.

పేజ్‌మేకర్ 7 అమెరికాలో 499 డాలర్లు. 2002లో వచ్చిన ఫొటోషాప్ 7 609 డాలర్లు. డాలర్ అప్పట్లో 48 రూపాయల దగ్గర ఉంది. రెండూ కలిపితే సుమారు 53 వేలు. మా బాబాయ్ షాపు పెట్టినప్పుడు కంప్యూటర్, ప్రింటర్, టేబులు, కుర్చీ అన్నీ కలిపి అంత కాలేదు. మరి ఆయన ఎక్కడ కొన్నాడు? గుంటూరులో ఒక షాపులో, ఒకే సీడీలో అన్నీ కలిపి, వంద రూపాయలకి. అందులో ఫొటోషాప్ ఉంది, పేజ్‌మేకర్ ఉంది, కోరెల్ ఉంది. సీరియల్ నంబరు సీడీ కవరు మీద పెన్నుతో రాసి ఉంది.

మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా, మన ఊళ్లలో ఎక్కడ చూసినా ఫొటోషాప్ 7, పేజ్‌మేకర్ 7... ఈ 7 ఏంటి అని? పేజ్‌మేకర్‌కి 7 ఆఖరి నంబరు కాబట్టి సరే. ఫొటోషాప్ 7 ఎందుకు? ఎందుకంటే దాని తర్వాత 2003లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్ నుంచి అడోబ్ యాక్టివేషన్ పెట్టింది. నంబరు కొడితే చాలదు, కంపెనీ దగ్గర మెషీన్‌ని నమోదు చేయించాలి. 7 వరకు నంబరు ఉంటే చాలు. అందుకని పల్లెటూరి షాపుల్లో కాలం ఆ నంబరు దగ్గర ఆగిపోయింది. తర్వాత యాక్టివేషన్‌నీ బద్దలుకొట్టే దారులు వచ్చాయనుకోండి, కానీ అప్పటికే 7 అలవాటైపోయింది. పాత కంప్యూటర్‌లో 7 గాలిలా పరిగెత్తేది కూడా.

ఇక్కడ మనం ఎవరూ మాట్లాడుకోని ఒక విషయం ఉంది. పోటీ అంటే ధర తగ్గించి అమ్మడం అని ఎకనమిక్స్‌లో చదువుకుంటాం. మన దగ్గర అందరి ధరా ఒకటే, వంద రూపాయల సీడీ. ఫొటోషాప్ కూడా ఫ్రీ లాంటిదే, దానికి పోటీగా నిజంగానే ఫ్రీగా ఇచ్చే గింప్ కూడా ఫ్రీయే. అలాంటప్పుడు గింప్ ఎవరు నేర్చుకుంటారు? పేదవాళ్లు ఎక్కువున్న చోట ఉచిత సాఫ్ట్‌వేర్ గెలవాలి కదా అని నా కాలేజీ రోజుల్లో అనుకునేవాణ్ణి. అది తప్పు. దొంగ కాపీ మొదట చంపేది ఖరీదైన సరుకుని కాదు, చవక సరుకుని. అడోబ్‌కి మా బాబాయ్ దగ్గర ఒక్క రూపాయి రాలేదు, నిజమే. కానీ ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లలో ఇద్దరు ఇప్పుడు హైదరాబాద్‌లో యాడ్ ఏజెన్సీల్లో చేస్తున్నారు. అక్కడ లైసెన్సు కాపీలే, నెల నెలా డబ్బు కట్టే కాపీలు. ఆ కుర్రాళ్లకి వేరే సాఫ్ట్‌వేర్ రాదు, వేరేది కొనమని వాళ్లు కంపెనీని అడగరు. పెదకూరపాడులో పోయిన రూపాయి హైదరాబాద్‌లో వడ్డీతో తిరిగొచ్చింది. ఇది ఎవరో కూర్చుని పథకం వేశారని నేననట్లేదు, జరిగింది మాత్రం అదే.

మరి అడోబ్‌ని తట్టుకుని మన దగ్గర నిలబడింది ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, కోరెల్‌డ్రా. అదీ ఎక్కడ? ఫ్లెక్సీ షాపుల్లో. పుట్టినరోజు ఫ్లెక్సీ, పుష్పవతి ఫంక్షన్ ఫ్లెక్సీ, నాయకుడు ఊరికొస్తే ముప్పై అడుగుల ఫ్లెక్సీ. ఇలస్ట్రేటర్‌లో పేజీ సైజుకి చాలాకాలం ఒక హద్దు ఉండేది: 227 అంగుళాలు, అంటే 19 అడుగులు కూడా లేదు. 2020లో గానీ ఆ హద్దు పెరగలేదు. కోరెల్‌లో 150 అడుగుల దాకా పోవచ్చు. ఫ్లెక్సీ కుర్రాడికి స్కేలు లెక్కలు అక్కర్లేదు, ముప్పై బై పది అని కొడితే ముప్పై బై పదే. స్టిక్కర్ కటింగ్ మెషీన్లకీ అదే అలవాటు. ఫొటోలు ఫొటోషాప్‌లో కోసుకుని, కోరెల్‌లోకి తెచ్చి, అను అక్షరాలు పేర్చి, మెషీన్‌కి పంపడం. సత్తెనపల్లిలోనైనా నరసరావుపేటలోనైనా ఏ ఫ్లెక్సీ షాపులోకెళ్లినా నేను చూసింది ఇదే. అడోబ్ అంతా కొనగలిగింది గానీ, పని చేసే మెషీన్ పక్కన కోరెల్ కుర్చీ వేసుకుని కూర్చున్న ఈ చిన్న చోటుని మాత్రం తీసుకోలేకపోయింది.

2013 దగ్గరికొస్తే ఆట నియమాలే మారిపోయాయి. ఆ ఏడాది మే నెలలో అడోబ్ ఒక ప్రకటన చేసింది: ఇక కొత్త వెర్షన్లు కొనుక్కోవడం ఉండదు, నెలవారీ అద్దె మాత్రమే. అప్పుడు సీఈఓ ఎవరో తెలుసు కదా, హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన శంతను నారాయణ్ గారు. 2007 డిసెంబరులో సీఈఓ అయ్యారు, 2019లో పద్మశ్రీ కూడా వచ్చింది. మనవాడు అని గర్వపడే వీడియోలు బోలెడు ఉన్నాయి, నేను మళ్లీ చెయ్యను. వ్యాపారంగా చూస్తే ఆ నిర్ణయం గొప్పదే. 2013లో అడోబ్ ఆదాయం సుమారు 400 కోట్ల డాలర్లు, 2024లో 2,150 కోట్లు. వాడేవాడి వైపు నుంచి చూస్తే, సొంతిల్లు పోయి అద్దిల్లు మిగిలింది. అద్దె మానేస్తే మీరు చేసిన ఫైలు మీరే తెరవలేరు. మధ్యలో మానేస్తే కట్టాల్సిన ఫీజుని సరిగ్గా కనపడనివ్వట్లేదని 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం అడోబ్ మీద కేసు కూడా వేసింది.

నా ఫైలు విషయంలో కూడా గీత సరిగ్గా అక్కడే పడింది. సీఎస్6 వరకు ఇన్‌డిజైన్‌లో పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవొచ్చు. 2013 తర్వాతి అద్దె వెర్షన్లలో ఆ దారి తీసేశారు. తన సొంత పాత సరుకుని చదివే దారి అది! నాకు దొరికిన మొదటి సమాధానం ఇదే: తాళం తాలూకు ఒక గొళ్లెం ఇక్కడుంది.

ఆ తర్వాతి కథ మీకు తెలిసే ఉంటుంది, త్వరగా చెప్పేస్తా. 2022 సెప్టెంబరులో అడోబ్ ఫిగ్మాని 2,000 కోట్ల డాలర్లకి కొంటానంది. ఫిగ్మా అంటే బ్రౌజర్‌లోనే యాప్ డిజైన్లు చేసుకునేది, మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో అందరూ వాడేది. యూరప్, బ్రిటన్ నియంత్రణ సంస్థలు అడ్డుకున్నాయి. ఇవాళ ఫిగ్మా చిన్నదే కావచ్చు, రేపు ఫొటోషాప్‌కి, ఇలస్ట్రేటర్‌కి పోటీ కావచ్చు కదా అన్నది వాళ్ల వాదన. 2023 డిసెంబరులో అడోబ్ వెనక్కి తగ్గింది, ఫిగ్మాకి 100 కోట్ల డాలర్లు పరిహారం కట్టింది. ఫ్రీహ్యాండ్ గుర్తుందా? ఆనాడు పదేళ్ల గడువు పెట్టి వదిలేశారు, ఈసారి గడప దగ్గరే ఆపారు. ఇంకోవైపు ఆస్ట్రేలియాలో పుట్టిన కాన్వా 2024 మార్చిలో అఫినిటీ సాఫ్ట్‌వేర్‌ని కొని, 2025 అక్టోబరులో దాన్ని ఉచితంగా ఇవ్వడం మొదలెట్టింది. మా ఊళ్లో ఇప్పుడు పిల్లలు పుట్టినరోజు కార్డులు ఫోన్‌లో కాన్వాలో చేసుకుని నేరుగా వాట్సాప్‌లో పెట్టేస్తున్నారు. బాబాయ్ షాపుకి గిరాకీ తగ్గింది అడోబ్ వల్ల కాదు, దీనివల్ల.

సరే, ఆ సీడీ ఏమైంది?

ఆ ఫైలుని తెరిచింది డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ ఏదీ కాదు. లిబ్రేఆఫీస్. పూర్తిగా ఉచితం. కొందరు ప్రోగ్రామర్లు పాత ఫైళ్ల లోపలి నిర్మాణాన్ని తవ్వి తీసి, పేజ్‌మేకర్‌కీ, ఫ్రీహ్యాండ్‌కీ, కోరెల్‌డ్రాకీ చదివే లైబ్రరీలు రాసి అందులో పెట్టారు. పేజ్‌మేకర్ చదవడం అందులోకి 2015లో వచ్చింది. కంపెనీ వదిలేసిన తలుపుని ఎవరో బయటి మనుషులు తెరిచిపెట్టారు. నేను తెరిస్తే పేజీలు చెల్లాచెదురుగా వచ్చాయి, బొమ్మలు ఎక్కడివక్కడ లేవు, కానీ మాటలు మొత్తం ఉన్నాయి. పిచ్చి గుర్తుల రూపంలో.

అప్పుడు రెండో గొళ్లెం. అను నుంచి యూనికోడ్‌కి మార్చాలి. ఒక గుర్తుకి ఒక అక్షరం అని పట్టిక రాస్తే అయిపోతుందనుకున్నా. అవదు. 'మ' మనకి ఒక అక్షరం, అక్కడ రెండు ముక్కలు. 'ప్ర' రాయాలంటే మనం ప తర్వాత ర ఒత్తు అనుకుంటాం, అక్కడ కంటికి కనపడే వరసలో ర ఒత్తు ముందొస్తుంది, ప తర్వాత. తలకట్టు ఉందా లేదా, దీర్ఘం దేనికి అంటుకుంది, ఒత్తు ఏ అక్షరానిది, అన్నీ నియమాలు రాసుకుంటూ పోవాలి. ఇంటర్నెట్‌లో కన్వర్టర్లు ఉన్నాయి, వాడాను, కానీ కొన్ని చోట్ల తప్పులు. పాతరోజుల్లో ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు పత్రికల సైట్ల ఫాంట్లని ఇలాగే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. ఆ పని ఎంత కష్టమో నాకు ఇప్పుడు అర్థమైంది. మూడు రాత్రులు పట్టింది స్క్రిప్టుకి. బాబాయ్ పక్కన కూర్చుని, తెర మీద పిచ్చి గుర్తు చూపిస్తే చాలు, "అది ఝ కింద సున్నా ముక్కరా" అని టక్కున చెప్పేవాడు. ఇరవై ఏళ్లుగా ఆ 256 గళ్లు ఆయన వేళ్లలో ఉన్నాయి. నా పట్టికలో సగం ఆయన వేళ్ల నుంచే వచ్చింది.

చివరికి పొలాల పేర్ల అధ్యాయం దగ్గర ఆగిపోయాం. మామూలు మాటైతే తప్పు పట్టుకోవచ్చు. పొలం పేరు ఏ నిఘంటువులోనూ ఉండదు. చెదలు తిన్న పేజీలు కూడా సరిగ్గా అవే. మాస్టారి భార్య ఉన్నారు, ఎనభై దాటింది. ఆమెకి ప్రింటు తీసి ఇస్తే, కళ్లజోడు పెట్టుకుని వేలు పెట్టి చదివారు. పదకొండు చోట్ల దిద్దారు. అందులో ఏడు నా స్క్రిప్టు తప్పులు. మిగతా నాలుగు 2006లో బాబాయ్ టైపింగులో దొర్లినవి. "అప్పుడే చెప్పానయ్యా మా ఆయనకి, వినలేదు" అన్నారామె.

పుస్తకం యూనికోడ్‌లో సిద్ధమైంది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సూరన్న, రామభద్ర లాంటి మంచి తెలుగు అక్షరాలు ఉచితంగా ఉన్నాయి. వాటితో ఒక నమూనా పేజీ చేసి బాబాయ్‌కి చూపించా. బాగుందన్నాడు. మరి పేజీలు నువ్వు కడతావా, నేను కట్టనా బాబాయ్ అని అడిగా.

"నేనే కడతా. సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత కంప్యూటర్ మాట్లాడా, పేజ్‌మేకర్ ఎక్కించి ఇస్తానన్నాడు. నువ్వొక పని చెయ్యరా" అన్నాడు.

"ఏంటి?"

"దీన్ని మళ్లీ అనులోకి మార్చి ఇయ్యి."

అటు నుంచి ఇటు మార్చడానికి మూడు రాత్రులు పట్టింది. ఇటు నుంచి అటు ఒక పూటలో అయిపోయింది. సంవత్సరీకానికి ముందు రోజు గుంటూరు నుంచి 200 కాపీలు బస్సులో వచ్చాయి. పీడీఎఫ్, యూనికోడ్ ఫైలు రెండూ మాత్రం నా దగ్గర మూడు చోట్ల దాచా.